మీకు తెలుసా? కరివేపాకు నుంచి తిప్పతీగ దాకా

పెరట్లో నాలుగు మొక్కలున్న ఇంట్లో తాలింపుకూ లోటుండదు, పిల్లల దగ్గుకు కషాయానికీ లోటుండదు. వాటి మధ్యే పెరిగాం కాబట్టి వాటి గురించి అంతా తెలుసనే అనుకుంటాం. ఆ ఘుమఘుమ ఎక్కడి నుంచి వస్తుందో, ఏ ఆకు నిజంగా మందో, ఏ ఆకు మందు పేరుతో ముప్పు తెస్తుందో అడిగితే మాత్రం తడుముకుంటాం. ఫోన్లలో చేతులు మారే చిట్కాల కన్నా ఈ మొక్కల అసలు సంగతులే ఎంతో బాగుంటాయి. కొన్ని వంటింటివి, కొన్ని ప్రయోగశాలవి, ఒకటైతే అమెరికా పేటెంట్ కార్యాలయం దాకా వెళ్లొచ్చింది.

కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న మనిషి కాకినాడలో కన్నుమూశాడు

కరివేపాకు చెట్టును శాస్త్రజ్ఞులు చాలాకాలం 'మురాయా కోయినిగీ' అన్నారు, ఇప్పుడు 'బెర్గెరా కోయినిగీ' అంటున్నారు. ముందు మాట మారింది కానీ వెనక మాట అలాగే ఉంది. అది యోహాన్ గెర్హార్డ్ కోయినిగ్ అనే వైద్యుడి పేరు. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్‌కు ఆయన శిష్యుడు. 1768లో డేనిష్ వారి చేతిలో ఉన్న తమిళ తీరపు తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. ఎక్కడ ఉన్నా మొక్కలు ఏరి యూరప్‌కు పంపడమే ఆయన ధ్యాస. లిన్నేయస్ మన కరివేపాకుకు ఈ శిష్యుడి పేరే పెట్టాడు.

కోయినిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ రోజుల్లో దగ్గరలోని సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే మరో వైద్యుడు ఉండేవాడు. కంపెనీ తరఫున అక్కడ తోట వేసి మిరియాల సాగు ప్రయత్నించాడు. గోదావరి సీమ మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించి, తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో మూడు వందలు 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో లండన్‌లో 1795 నుంచి సంపుటాలుగా వెలువడ్డాయి. ప్రపంచ వృక్షశాస్త్రంలో కాకినాడ, సామర్లకోటలకు ఇంత చోటున్నా మన బడి పుస్తకాల్లో ఈ సంగతి కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

కరివేపాకుకు నిమ్మ, మారేడు చుట్టాలు

మూడూ ఒకే కుటుంబం. ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నలిపితే వచ్చే వాసన వాటిలోదే. ఆ వాసన నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది. అందుకే కరివేపాకును ఉడికే పులుసులో చివర వేసిన దానికీ, కాగిన నూనెలో చిటపటలాడించి పోసిన దానికీ అంత తేడా. ఎండబెట్టి దాచిన ఆకులో ఆ పరిమళం చాలా మటుకు పోతుంది. దాచక తప్పకపోతే కడిగి, తడి ఆరనిచ్చి, ఫ్రీజర్లో పెట్టడం మేలు.

ఈ చుట్టరికం వల్ల అతిథులు కూడా ఒకరే. నిమ్మచెట్టు మీద వాలే సీతాకోకచిలుకలు కరివేపాకు లేత చిగుళ్ల మీదా గుడ్లు పెడతాయి. వాటి చిన్న గొంగళిపురుగులు అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి, పక్షుల కన్ను పడకుండా అదే వాటికి రక్ష. కాస్త పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి రంగు కొమ్ములు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. మొక్క ఏపుగా ఉంటే నాలుగు రెమ్మలు వాటికి వదిలేయండి. పురుగుమందు కొట్టిన ఆకు తినడం కన్నా సీతాకోకలు కొరికిన ఆకు తినడం ఎంతో మంచిది.

ఈ చుట్టరికమే అమెరికాలోని మనవాళ్లకు చిక్కు తెచ్చింది. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే 'సిట్రస్ గ్రీనింగ్' తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. తెగులు సోకిన చెట్టుకు మందు లేదు. అందుకే సూట్‌కేసులో అమ్మ సర్దిన పచ్చి కరివేపాకును అక్కడి విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పిసినారితనమో పట్టుదలో అనుకోకండి, వాళ్ల రైతుల బతుకు దాని మీద ఉంది.

గింజతో కరివేపాకు పెంచాలనుకుంటే, నల్లగా పండిన కాయల గుజ్జు తీసేసి వెంటనే నాటాలి. ఎండిపోయిన గింజ మొలిచే శక్తిని త్వరగా కోల్పోతుంది. పులిసిన మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. దానికన్నా ముఖ్యమైనవి ఎండ, నీరు నిలవని మన్ను, తరచూ తల తుంచడం. ఆకులు దూసుకోవడం కాదు, కొమ్మ చివర తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి.

ధనియం ఒకటి కాదు, రెండు

మనం గింజ అనుకునే ధనియం నిజానికి కాయ. అందులో రెండు విత్తనాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అందుకే మన రైతులు ధనియాలను నేల మీద పోసి చెక్కతోనో చెప్పుతోనో మెల్లగా నలిపి, రెండు బద్దలు చేసి విత్తుతారు. కుండీలో కొత్తిమీర మొలవలేదని బాధపడేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పని మరిచిపోయినవాళ్లే. ఎండలు ముదిరితే మొక్క ఆకు మానేసి పూతకు వస్తుంది, అది దాని స్వభావం. వేసవిలో పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టి, పది రోజులకోసారి కొత్తగా చల్లుకుంటూ ఉండాలి.

కొత్తిమీర కొందరికి సబ్బు వాసన కొడుతుంది. అది వాళ్ల పెంకితనం కాదు. ఆకులోని ఆల్డిహైడ్లు అనే పదార్థాలు సబ్బుల్లోనూ, కొన్ని కంపుపురుగుల్లోనూ ఉంటాయి. వాటిని బాగా పసిగట్టే వాసన గ్రాహకం తాలూకు జన్యువు దగ్గరి తేడా ఇందుకు ఒక కారణమని 2012లో గుర్తించారు. అదే ఏడాది కెనడాలోని టొరంటోలో యువతను అడిగిన మరో అధ్యయనంలో, తూర్పు ఆసియా మూలాలున్నవారిలో నూటికి 21 మంది కొత్తిమీర ఇష్టం లేదన్నారు. మన దక్షిణాసియా మూలాలున్నవారిలో ఏడుగురే. చారులో కొత్తిమీర ఏరి పక్కన పెట్టే పిల్లల్ని కోప్పడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఈజిప్టు రాజు టుటాంఖామన్ సమాధిలో కూడా ధనియాలు దొరికాయి. మూడు వేల మూడు వందల ఏళ్ల నాటి మాట అది.

పుదీనా నాలుకను చల్లబరచదు

పిప్పరమెంటు చప్పరిస్తే నోరు చల్లబడినట్టు ఉంటుంది. థర్మామీటరు పెట్టి చూస్తే వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. మెంథాల్ అనే పదార్థం చలిని పసిగట్టే నరాల తలుపును తట్టి తెరుస్తుంది, మెదడు చలి తగిలిందని నమ్ముతుంది. ఆ తలుపును డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2002లో ఎవరికి వారుగా మెంథాల్ సాయంతోనే కనిపెట్టారు. అంతకుముందు జూలియస్ మిరపకాయ కారంతో వేడిని పసిగట్టే తలుపును కనిపెట్టాడు. వేడిని, చలిని, స్పర్శను శరీరం ఎలా గుర్తుపడుతుందో తేల్చినందుకు 2021లో ఇద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. పుదీనా, పచ్చిమిర్చి కలిపి మనం నూరుకునే పచ్చడిలో ఆ కథ రెండు వైపులా ఉంది.

అయితే వంటింటి పుదీనాలో మెంథాల్ చాలా తక్కువ. అది ఎక్కువగా ఉండేది ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ చుట్టుపక్కల నూనె కోసం వేసే వేరే రకంలో. మన పుదీనా వాసన కార్వోన్ అనే పదార్థానిది. దీని గురించి ఒక వింత ఉంది. కార్వోన్ అణువు రెండు రూపాల్లో ఉంటుంది, కుడిచెయ్యి ఎడమచెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఒక రూపం పుదీనా వాసన వేస్తుంది. రెండో రూపం సోయికూర గింజల్లో ఉంటుంది, దాని వాసన వేరు. అవే పరమాణువులు, అదే లెక్క. అణువు ఏ వైపు తిరిగి ఉందో కూడా మన ముక్కు కనిపెట్టగలదన్నమాట.

బజారు నుంచి తెచ్చిన కట్టలో ముదురు కాడలు నాలుగు గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేళ్లు వస్తాయి. కానీ దాన్ని ఇంకో మొక్క ఉన్న కుండీలో పెట్టకండి. నేల కింద కాడలు పాకించి మొత్తం ఆక్రమిస్తుంది.

తులసి రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వదు

తులసి ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ వదులుతుందని చాలామంది నమ్ముతారు, కొన్ని వ్యాసాల్లోనూ రాస్తారు. ఏ మొక్కైనా ఆక్సిజన్ తయారుచేసేది వెలుతురు ఉన్నప్పుడే. రాత్రి తులసి కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, కాకపోతే అది చాలా కొద్ది. కోట చుట్టూ తిరిగి మొక్కే అమ్మమ్మ భక్తికి ఈ మాట ఆసరా అక్కర్లేదు.

తులసికి నిజంగా ఉన్న గొప్ప యూజెనాల్. లవంగంలో ఉండేది అదే. పంటి డాక్టరు తాత్కాలికంగా పన్ను పూడ్చేటప్పుడు జింక్ ఆక్సైడ్‌తో కలిపే నూనె కూడా అదే, అందుకే ఆ గదిలో లవంగం వాసన వస్తుంది. గొంతు గరగరకు తులసి నీళ్లు హాయినిస్తాయంటే ఇలాంటి నూనెలకూ, వేడినీళ్ల ఆవిరికీ అందులో పాత్ర ఉంది. అంతే తప్ప అది న్యుమోనియాకు మందు కాదు.

పూత కంకులు వచ్చినప్పుడల్లా తుంచేస్తే తులసి ఎక్కువకాలం ఆకు ఇస్తుంది. గింజ కట్టనిస్తే కాండం మానుబారిపోతుంది.

సబ్జా గింజ ఎందుకు ఉబ్బుతుంది?

సబ్జా గింజలు తులసి చెల్లెలైన మరో మొక్కవి. గింజ పైపొరలోని జిగురు పదార్థం నీరు తగిలిన నిమిషాల్లోనే పీల్చుకుని జెల్లీలా చుట్టుకుంటుంది. దొరికిన కాస్త తడినీ మొలక కోసం పట్టి ఉంచుకునే ఉపాయం అది. మనం దాన్ని వేసవి షర్బత్‌లో తాగుతున్నాం. చిన్నపిల్లలకు పొడి గింజలు మాత్రం ఇవ్వకూడదు, గొంతులో ఉబ్బుతాయి. పూర్తిగా నానాకే ఇవ్వాలి.

వామాకు మొక్కకు వాము కాయదు

వామాకు బజ్జీలు వేసుకునే దళసరి ఆకుల మొక్కను ఎన్నేళ్లు పెంచినా దానికి వాము రాదు. వాము గింజ కొత్తిమీర, జీలకర్రల కుటుంబానిది. నూగు ఆకుల వామాకు తులసి, పుదీనాల కుటుంబానిది. రెండు వేర్వేరు వంశాల మొక్కలు ఒకే వాసన ఎలా తెచ్చుకున్నాయి? వాము గింజలో ముఖ్యమైనది థైమాల్. వామాకులో థైమాల్‌తో పాటు కార్వాక్రాల్ ఉంటుంది. రెండింటిలోనూ పరమాణువులు అవే, ఒక చిన్న గుంపు అతుక్కున్న చోటు మాత్రమే వేరు. పిజ్జా మీద చల్లే ఒరెగానో ఘాటు కూడా కార్వాక్రాల్‌దే. అందుకే కరీబియన్ దీవుల్లో మన వామాకునే ఒరెగానోగా వంటల్లో వేస్తారు. వెనకటికి కొంకిపురుగులు పోవడానికి డాక్టర్లు ఇచ్చిన మందు థైమాల్. నోరు పుక్కిలించే లిస్టరిన్‌లో ఇప్పటికీ ఉంటుంది. తిన్నాక చిటికెడు వాము నమలడం మన పెద్దలు ఊరికే నేర్పలేదు.

వామాకు పెంచడానికి ఒక కొమ్మ విరిచి గుచ్చితే చాలు. అది చచ్చేది దాదాపు ఒకే కారణంతో, నీళ్లు ఎక్కువై.

మెంతుల వాసన న్యూయార్క్ నగరాన్ని తికమక పెట్టింది

2005 నుంచి కొన్నేళ్లపాటు న్యూయార్క్‌లో అప్పుడప్పుడూ ఊరంతా మేపుల్ పాకం వాసన కమ్ముకునేది. విషవాయువేమోనని జనం భయపడి అధికారులకు ఫోన్లు చేసేవారు. గాలి దిశలు, ఫిర్యాదుల సమయాలు లెక్కగట్టి 2009లో మూలం పట్టుకున్నారు. పక్కనున్న న్యూజెర్సీలో సువాసనల తయారీ కర్మాగారం ఒకటి మెంతులను వాడుతోంది, ఆ వాసన గాలికి నది దాటి వస్తోంది. మెంతుల్లో సోటోలోన్ అనే పదార్థం ఉంటుంది. చాలా పలచగా ఉంటే మేపుల్ పాకంలా, చిక్కగా ఉంటే మెంతికూరలా వాసన వేస్తుంది. మెంతులు బాగా తిన్నవారి చెమటలో వచ్చే తియ్యని వాసన కూడా దానిదే.

పెంచడంలో మెంతిని మించిన సులువైన ఆకు లేదు. గుప్పెడు మెంతులు రాత్రంతా నానబెట్టి వెడల్పాటి తొట్టెలో ఇసుక కలిపిన మన్నులో చల్లండి. మూడు వారాలు తిరక్కుండానే లేత మెంతికూర పప్పులోకి వస్తుంది.

పసుపు మీద హక్కు అమెరికా ఇచ్చింది, తిరిగి తీసుకుంది

1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా ఒక పేటెంట్ ఇచ్చింది. గాయం మానడానికి పసుపు వాడటం తమ ఆవిష్కరణ అన్నది దాని సారం. దరఖాస్తు చేసిన ఇద్దరూ భారత మూలాలున్నవారే. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) అప్పటి అధిపతి రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలో దాన్ని సవాలు చేసింది. గాయానికి పసుపు అద్దడం మన దేశంలో ప్రతి ఇంటికీ తెలుసు, కానీ తెలుసనడం సరిపోదు, రాతలో చూపించాలి. సంస్కృత గ్రంథాలు, 1953 నాటి భారత వైద్య పత్రికలోని వ్యాసం సహా 32 ఆధారాలు సమర్పించారు. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ అనుభవం తర్వాతే మన సంప్రదాయ వైద్య విజ్ఞానాన్ని అనేక భాషల్లో నమోదు చేసే డిజిటల్ గ్రంథాలయం 2001లో మొదలైంది. అమ్మమ్మలకు తెలిసిన సంగతిని రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనపడదు.

పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని హారతి పళ్లెం చూసిన ప్రతివాళ్లకూ తెలుసు. క్షారం తగిలితే పసుపులోని కర్క్యుమిన్ రంగు మారుతుంది. స్కూలు ల్యాబ్‌లో లిట్మస్ కాగితం చేసే పని పేరంటంలో పసుపు చేస్తోంది.

కర్క్యుమిన్ ఒంటికి పట్టడం కష్టం. చాలా భాగం పేగుల్లోంచి అలాగే పోతుంది, పట్టినది కాలేయం త్వరగా బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగింది. మన పొంగలిలో, మిరియాల చారులో రెండూ చిటికెలతోనే ఉంటాయి కాబట్టి భయం లేదు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు రోజూ మింగి కాలేయం పాడుచేసుకున్నవారి కేసులు మాత్రం అమెరికాలో నమోదయ్యాయి. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ల అటూ ఇటూ ఉంటుంది, మాత్రలో నిండా అదే. కూరలో పసుపు వేరు, సీసాలో మాత్ర వేరు.

జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025 జూన్‌లో నిజామాబాద్‌లో మొదలైంది. మీ ఇంట్లో ఒక కుండీ ఖాళీగా ఉంటే తొలకరికి ఒక పచ్చి పసుపు కొమ్ము పాతిపెట్టండి. సంక్రాంతి దాటాక ఆకు ఎండినప్పుడు తవ్వుకోవచ్చు. ఈలోగా ఆ వెడల్పు ఆకుల్లో కుడుములు ఆవిరికి పెడితే వచ్చే వాసన మరే ఆకుకూ రాదు.

నల్లేరు ద్రాక్షతీగకు దాయాది

కంచె మీద పాకే నలుపలకల నల్లేరు ద్రాక్ష కుటుంబానిదే. చుట్టుకునే నులితీగలు, చిన్న ఎర్రని కాయలు చూస్తే పోలిక తెలుస్తుంది. పచ్చిగా ముట్టుకుంటే దురద, నోట్లో పెట్టుకుంటే మంట. కణాల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటమే కారణం. అందుకే పచ్చడికి లేత కణుపులే కోస్తారు, చేతికి నూనె రాసుకుని ఈనెలు తీస్తారు, నూనెలో బాగా వేయించి చింతపండుతో నూరుతారు. ఈ మెట్లలో ఏ ఒక్కటీ వదలకూడదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు ఆక్సలేట్ ఉన్న ఇలాంటివి తగ్గించుకోవడం మంచిది.

సరస్వతి ఆకు, బ్రాహ్మి ఒకటి కావు

గుండ్రటి గొడుగు ఆకులతో నేల మీద పాకేది సరస్వతి ఆకు. చిన్న దళసరి ఆకులతో, తెల్లటి పూలతో తడినేలల్లో పెరిగేది నీటి బ్రాహ్మి. జ్ఞాపకశక్తి కోసమని రెండింటినీ బ్రాహ్మి పేరుతోనే అమ్ముతారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ జ్ఞాపకశక్తి మీద ఏళ్ల తరబడి పరిశోధించింది రెండోదాని మీద. మొదటిదాని సారం పుండ్లు మాన్పే లేపనాల్లో యూరప్‌లో వాడతారు. ఏది కొంటున్నారో ఆకు చూసి కొనండి. ఏదైనా మురుగు కాలువ గట్టున కోసినది వద్దు, తడినేల మొక్కలు ఆ నీళ్లలోని విషాలను కూడా పీల్చుకుంటాయి.

గుంటగలగర రసం గాలి తగిలితే నల్లబడుతుంది

పొలం గట్టున తెల్లటి బొత్తాం పూలతో కనిపించే ఈ మొక్కను నలిపి చూడండి, కాసేపటికి వేళ్లు నల్లగా అవుతాయి. తలనూనెల్లో దీన్ని కాచడం, పచ్చబొట్టు రంగుకు వాడటం అందుకే. నెరిసిన జుట్టును వేళ్ల నుంచి నల్లగా మారుస్తుందన్న ప్రకటనలు నమ్మాల్సినవి కావు.

నేల ఉసిరిని నోబెల్ విజేత పరీక్షించాడు

కామెర్లు వస్తే పసరు పోయించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ పసరుల్లో ముఖ్యమైనది నేల ఉసిరి, ఆకు కింద వరసగా చిన్న కాయలు వేలాడే కలుపు మొక్క. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ పొందిన బరూచ్ బ్లూమ్‌బర్గ్‌కు దీని మీద ఆసక్తి కలిగింది. ఆయన మద్రాసు పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నెల రోజులు నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశ పడింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం మళ్లీ రాలేదు.

నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు చాలామందిలో విశ్రాంతితోనే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్యాన్సరు గడ్డ ఉన్నా కళ్లు పచ్చబడతాయి. అక్కడ పసరు కోసం పోగొట్టుకున్న వారాలు ప్రాణం మీదికి తెస్తాయి. ముందు రక్తపరీక్ష, స్కానింగ్. ఈ వరస మారకూడదు.

షుగరు కోసం వెతికితే క్యాన్సరు మందు దొరికింది

గుమ్మం ముందు గులాబీ, తెలుపు రంగుల్లో ఏడాదంతా పూసే బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవి మొక్క. మన దగ్గరా, జమైకాలోనూ షుగరు వ్యాధికి దీని ఆకు కషాయం తాగే అలవాటు ఉంది. 1950లలో జమైకా ఆకులు కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ చేతికి వచ్చాయి. ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర పెద్దగా తగ్గలేదు. తెల్లరక్తకణాలు మాత్రం పడిపోయాయి. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. నోబుల్, రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ బీర్‌తో కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సరుకు ఇది పనికొస్తుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పటికీ పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో అది తప్పనిసరి మందు. ఆకులో ఈ మందులు ఎంత తక్కువంటే, ఒక్క గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి.

నేను ప్రేమగా పెంచుకునే మొక్కల్లో ఇది మొదటి వరసలోది, కానీ దాని ఆకు నోట్లో పెట్టుకోను. షుగరుకు మంచిదని రోజూ రెండు ఆకులు నమిలేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. రక్తకణాలను, నరాలను దెబ్బతీసే పదార్థాలు అందులో ఎంత ఉన్నాయో ఏ ఆకు చూసీ చెప్పలేం. వాళ్లను ఆపండి.

కలబందలో రెండు రసాలు ఉంటాయి

లోపలి తెల్లటి గుజ్జు ఒకటి, తొక్క కింద పచ్చటి చేదు పాలు ఇంకొకటి. కాలిన చర్మానికి హాయినిచ్చేది గుజ్జు. పచ్చపాలు గట్టి విరేచనకారి. విరేచనాల మందుల్లో దాన్ని వాడటం అమెరికా 2002లో మాన్పించింది. ఆకు కోశాక నిలువుగా ఒక పావుగంట నిలబెట్టి పాలు కారిపోనిచ్చి, కడిగి, అప్పుడు గుజ్జు తీయాలి. గర్భిణులు తాగడానికి అసలు వాడకూడదు.

పసిపిల్లలకు వస వద్దు

మాటలు త్వరగా వస్తాయని పసిబిడ్డ నాలుక మీద వస కొమ్ము అరగదీసి రాసే ఆచారం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. వాగుడుకాయ పిల్లలకు వస ఎక్కువ పోశారని అనుకోవడమూ ఉంది. మన దేశపు వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఎక్కువ. ఎలుకల్లో అది కణితులు కలిగించడంతో 1968లో అమెరికా వసను ఆహారంలో నిషేధించింది. బిడ్డకు పుట్టిన ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. మాటలు రావాలంటే ఇంట్లోవాళ్లు బిడ్డతో మాట్లాడాలి, ఆలస్యమవుతుంటే వినికిడి పరీక్ష చేయించాలి. మంచి మనసుతో పెద్దలు చెప్పినా ఈ ఒక్కదానికి గౌరవంగా వద్దనండి.

తిప్పతీగ తుంచి పారేసినా బతుకుతుంది

వేప మీదికి పాకిన తిప్పతీగను అడుగున కోసేస్తే, పైన మిగిలిన తీగ దారాల్లాంటి వేళ్లను గాలిలోకి దించుతుంది. అవి నేలను తాకగానే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఇంత మొండి మొక్క కాబట్టే సంస్కృతంలో దానికి అమృత అని పేరు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా దీని కషాయం కాచారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ తాగాక కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు ప్రచురించారు. పోలికలు దగ్గరగా ఉన్న వేరే తీగను పొరపాటున వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఏది నిజమైనా మనకు రెండు సంగతులు మిగులుతాయి. గుర్తుపట్టడం రాని తీగను కోసుకోకూడదు. సరైనదైనా నెలల తరబడి ఎడతెగకుండా తాగకూడదు. కీళ్లవాతం, థైరాయిడ్ లాంటి రోగనిరోధక వ్యవస్థ తిరగబడే జబ్బులున్నవారు దీనికి దూరంగా ఉండటం క్షేమం.

కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, మెంతి వంటలోకి ఎంత వాడినా ఫర్వాలేదు. మందుగా ఏ ఆకు తీసుకున్నా, ఈసారి డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగినప్పుడు మాత్రల పేర్లతో పాటు ఆ కషాయం పేరు కూడా చెప్పండి, వీలైతే ఒక రెమ్మ వెంట తీసుకెళ్లి చూపించండి.